కీళ్లవాతం ఉన్నవాళ్లు పోల్ డ్యాన్స్ చేయొచ్చా?

రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది, వైజాగ్‌లో పోల్ డ్యాన్స్ (నిలువు కడ్డీ పట్టుకుని చేసే నాట్యం) మొదలుపెట్టొచ్చా అని అడిగారు. మీ డాక్టరు సరేనంటే చేయొచ్చు. వేళ్లు వాచిన రోజు మాత్రం కడ్డీ జోలికి వెళ్లొద్దు. బరువంతా చేతులే మోయాలనేం లేదు. చాలా భంగిమల్లో తొడలు, మోకాలి వెనక చర్మమే పట్టు. పొట్టి నిక్కర్లు వేసుకునేది అందుకే, సోకు కోసం కాదు! కడ్డీ మందం సాధారణంగా 45 మిల్లీమీటర్లు. పట్టు చిన్నదైతే 40ది అడగండి. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మందు వేసుకుంటే మర్నాడు నీరసంగా ఉండొచ్చు, ఆ రోజు క్లాసు పెట్టుకోకండి. అసలు శత్రువు మన సముద్రపు ఉక్క. మే నెలలో నేనైతే పొద్దున్నే ఆరింటికి వెళ్తాను, భుజాన పొడి తువ్వాలుతో. చెమటకు పట్టు జారకుండా రెండు నిమిషాలకోసారి కడ్డీ తుడవాల్సిందే. బీపీ గానీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) గానీ ఉంటే తలకిందులుగా వేలాడే భంగిమలు వదిలేయండి.