ముల్లు గుచ్చుకుంటే ముందు తెలిసేది దేనికి?

ప్రశ్న: డాక్టరు గారూ, నేను రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తాను. రొయ్య తల ముల్లు వేలికి గుచ్చుకుంటే రక్తం కనబడేలోపే చెయ్యి లాగేసుకుంటాను. ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత సలుపు. నొప్పి తెలిసేది చర్మానికా, నరానికా? మా అమ్మకి షుగర్. చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా తిరుగుతుంది. మొన్న తుమ్మముల్లు అరికాల్లో విరిగితే తనకి తెలియనే లేదు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, భీమవరం దగ్గర

జవాబు: అమ్మా, మా చదువు రోజుల్లో చర్మంలోని నరం కొసలే నొప్పిని పసిగడతాయని చెప్పేవారు. 2019లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఎలుకల్లో మరో సంగతి కనిపెట్టారు. చర్మం పైపొర కింద ష్వాన్ కణాలు కొన్ని నరాల కొసలను చుట్టుకుని వలలా అల్లుకుని ఉంటాయి. ఈ కణాలు నరానికి తోడు మాత్రమే అనుకునేవాళ్లం. కానీ పొడుపు, నొక్కుడు వాటికే నేరుగా తెలుస్తాయి, అవి నరాన్ని కదిలిస్తాయి. ఒక్క ఆ కణాలను పనిచేయిస్తే చాలు, ఎలుక కాలు వెనక్కి లాక్కుంది. వాటిని ఆపితే పొడుపుకి స్పందన తగ్గింది. అంటే మీరడిగిన రెండూ కలిసే పనిచేస్తున్నాయి. ఇది చదివిన రోజు నాకెంత సంతోషమైందో!

మెత్తని స్పర్శ దారి వేరు. కణం పొర సాగగానే తెరుచుకునే పీజో2 అనే ప్రోటీన్ అక్కడ ముఖ్యం. దాన్ని గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పుట్టుకతో పీజో2 పనిచేయనివాళ్లకు కూడా సూది పోటు తెలుస్తుంది.

చురుకును మోసే సన్నని నరాలకు పలచటి కొవ్వు తొడుగు ఉంటుంది, సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగం. సలుపును మోసేవాటికి ఆ తొడుగు లేదు, 2 మీటర్లు మించవు. అందుకే ఆలస్యం. చెయ్యి లాక్కోమనేది వెన్నుపాము, మెదడు దాకా కబురు వెళ్లేవరకు అది ఆగదు.

ఇక మీ అమ్మగారి విషయం, నాకు టెన్షన్ పెట్టింది ఇదే. ఏళ్లతరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పొడవైన నరాలు కొసల నుంచి దెబ్బతింటాయి, అందుకే పాదాలు ముందు మొద్దుబారతాయి. నొప్పి లేదని పుండు లేదనుకోవద్దు. ముల్లు ముక్క ఇంకా లోపల ఉందేమో రేపే డాక్టరుకి చూపించండి, ఇంట్లో పిన్నీసుతో కెలకవద్దు. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో స్పర్శ తెలుస్తోందో లేదో చూసే పాదాల పరీక్ష సంగతీ అడగండి. రోజూ సాయంత్రం అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. గట్టు మీదకి చెప్పులు లేకుండా ఆవిడని పంపకండి.