హెచ్‌బీఏ1సీ తక్కువ, ఫాస్టింగ్ షుగర్ ఎక్కువ: దేన్ని నమ్మాలి?

డాక్టర్ గారూ, డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడుతున్న మీ పేషెంట్‌కి ఫాస్టింగ్ షుగర్ రెండుసార్లు 130 దాటినా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 5.9 దగ్గరే ఉందని, సీఎంఈ (డాక్టర్లకు నిరంతర శిక్షణ) క్లాసులో మాత్రం హెచ్‌బీఏ1సీ ఒక్కటీ చాలన్నారని రాశారు. ఫాస్టింగ్‌నే నమ్మండి. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ అసలు షుగర్ కంటే తక్కువ చూపిస్తుంటుంది, ముఖ్యంగా ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) పెరిగి ఉన్నా, అబాకవిర్ అనే హెచ్ఐవీ మందు వాడుతున్నా, కాబట్టి ఒకసారి సీబీసీ (రక్తకణాల పరీక్ష) కూడా చూడండి. ఫాస్టింగ్ రెండుసార్లూ 126కి తగ్గలేదంటే అది డయాబెటిసే.

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ రాసే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. డోలుటెగ్రావిర్ దాన్ని కిడ్నీ ద్వారా సరిగా బయటికి పోనివ్వదు, రక్తంలో మెట్‌ఫార్మిన్ బాగా పెరుగుతుంది, అందుకే 500 మి.గ్రా.తో మొదలుపెట్టి రోజుకి 1000 దాటకుండా చూసుకోండి, కిడ్నీ పనితీరు కనిపెడుతూ ఉండండి. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కాస్త పెరిగి అక్కడే ఆగిపోతే టెన్షన్ పడొద్దు, చాలాసార్లు అది కిడ్నీ దెబ్బతినడం కాదు.

పేషెంట్‌కి 40 దాటాయా? అయితే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) సంగతి కూడా మాట్లాడండి, దయచేసి వాయిదా వేయకండి. 2023లో వచ్చిన రిప్రీవ్ ట్రయల్‌లో, గుండెజబ్బు ముప్పు అంతగా లేదనుకున్న హెచ్ఐవీ పేషెంట్లలోనే పిటావాస్టాటిన్ 4 మి.గ్రా. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలను 35 శాతం తగ్గించింది. హెచ్ఐవీ మందుల్లో రిటోనవిర్ గానీ కోబిసిస్టాట్ గానీ ఉంటే సిమ్‌వాస్టాటిన్ జోలికి అస్సలు వెళ్లకండి.