చప్పుడు లేని చిన్న కంప్యూటర్ కావాలంటే ముందు వేడిని తగ్గించండి

హనుమకొండలో ఇంట్లో అందరూ నిద్రపోయే ఒకే గదిలో రాత్రిపూట పోటీ పరీక్షలకు చదువుకోవడానికి, పుస్తకాల అరలో ఇమిడే, చప్పుడు చేయని, మీట నొక్కిన కొద్ది క్షణాల్లో సిద్ధమయ్యే కంప్యూటర్ కావాలని మీరు అడిగారు. ఐ5 ప్రాసెసర్ తీసుకుని, శబ్దం తక్కువని చెప్పే ఖరీదైన ఫ్యాన్లు బిగిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం. కాజీపేటలోని మా ఇంటికి ఒకటి, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే మా మేనమామకు ఒకటి ఇలాంటి యంత్రాలను నేనే అసెంబుల్ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ డబ్బు ఫ్యాన్ల మీదా, పెద్ద ప్రాసెసర్ మీదా పెట్టవద్దు. వేడి తక్కువ పుట్టే బోర్డు ఎంచుకుంటే ఫ్యాన్ అవసరమే చాలావరకు తప్పిపోతుంది. ఇక ఆన్ కావడంలో జరిగే ఆలస్యంలో ఎక్కువ భాగం యంత్రం ఏదో ఒకదాని కోసం ఎదురుచూడటం వల్ల వచ్చేదే కాబట్టి, దానిని పైసా ఖర్చు లేకుండా సెట్టింగులలో సరిచేసుకోవచ్చు.

బోర్డు (మదర్‌బోర్డు) విషయంలో మినీ-ఐటీఎక్స్ అనే చిన్న కొలత చాలు. 2001లో వయా సంస్థ తెచ్చిన ఈ కొలత 17 సెంటీమీటర్ల చదరం, అంటే సాధారణ పుస్తకాల అరలో సులభంగా పడుతుంది. ఇందులో ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌ను బోర్డుకే అతికించి అమ్మే రకాలు దొరుకుతాయి. 2023లో వచ్చిన ఈ ప్రాసెసర్‌కు నాలుగు కోర్లు ఉంటాయి, ఇంటెల్ చెప్పే విద్యుత్ పరిమితి 6 వాట్లు. పీడీఎఫ్‌లు చదవడానికి, వీడియో పాఠాలు వినడానికి, టెస్టులు రాయడానికి ఇది నిశ్చింతగా సరిపోతుంది. వీడియో ఎడిటింగ్‌కూ, ఆటలకూ తగినది కాదు. చాలా బోర్డుల తయారీదారులు ఆ 6 వాట్ల పరిమితిని పెంచి పంపుతారు కాబట్టి, కొన్న వెంటనే బయోస్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందే బోర్డులో నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) వెళ్లి దానిని తగ్గించుకోవాలి. చదువు పనిలో ఆ తేడా మీకు తెలియనే తెలియదు, వేడిలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. మెమరీ 8 జీబీ సరిపోతుంది, కానీ ఈ బోర్డులకు చాలావరకు ఒకే స్లాట్ ఉంటుంది కాబట్టి మొదటే 16 జీబీ వేసుకోవడం మేలు.

పవర్ సప్లై కూడా చప్పుడుకు మూలమే. కంప్యూటర్ డబ్బాలో బిగించే మామూలు పవర్ సప్లైలో (ఎస్‌ఎంపీఎస్) ఒక ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంటుంది. నేరుగా 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ గుచ్చుకునే బోర్డు తీసుకుంటే ఆ ఫ్యాన్ పోతుంది, అడాప్టర్‌లో పుట్టే వేడి కూడా డబ్బా బయటే ఉండిపోతుంది. పని లేని సమయంలో మొత్తం యంత్రం తీసుకునేది సుమారు 10 వాట్లే అయినందువల్ల, కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద అది పెద్ద భారం కాదు. హార్డ్‌డిస్క్ మాత్రం అసలు వద్దు. తిరిగే పళ్లెం ఉన్నంతకాలం రాత్రిపూట ఆ గరగర వినబడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మన ఎండల సంగతి. ఇతర ప్రాంతాల వారు రాసే సలహాలలో గది ఉష్ణోగ్రతను 25 డిగ్రీలుగా అనుకుంటారు. మే నెలలో వరంగల్‌లో బయట 42 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, రామగుండం వైపు ఇంకా ఎక్కువే ఉంటుంది. డాబా కింది గదిలో 38 డిగ్రీలు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫ్యాన్ లేని హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మె) చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఎన్నటికీ ఉండలేదు కాబట్టి, గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ ప్రాసెసర్‌లోనూ పెరుగుతుంది. అయినా ఎన్100 తనను తాను నెమ్మది చేసుకునే హద్దు 105 డిగ్రీలు, అంతవరకు రావడం అరుదు. నా అనుభవంలో ముందుగా ఇబ్బంది పడేది హార్డ్‌డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. దానిని చాలాసార్లు గాలి అందని మూలలో బిగిస్తారు, పైగా చాలా ఎస్‌ఎస్‌డీలు 70 నుంచి 80 డిగ్రీల మధ్యనే వేగం తగ్గించుకుంటాయి. అందుకే వేగపు అంకెలు చూసి నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ కొనకుండా, తక్కువ విద్యుత్ తీసుకునే మూడో తరం ఎస్‌ఎస్‌డీ తీసుకుని, దాని మీద చిన్న అల్యూమినియం రేకు అతికించండి. డబ్బాకు అడుగునా పైనా రంధ్రాలుండాలి, హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండేలా డబ్బాను నిలబెడితే వేడిగాలి దానంతటదే పైకి పోతుంది.

ఇంత చెప్పినా, ఉత్తర తెలంగాణలో ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు చోటు వదలడం మంచిదన్నది నా అభిప్రాయం. ప్రాసెసర్ 65 డిగ్రీలు దాటితేనే, అదీ అతి తక్కువ వేగంతో తిరిగేలా బయోస్‌లో అమర్చుకోవాలి. ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, శబ్దం మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. చిన్న ఫ్యాన్‌ను వేగంగా తిప్పడం కంటే పెద్దదాన్ని నెమ్మదిగా తిప్పడం ఎందుకు మేలో దీనినిబట్టి అర్థమవుతుంది. పైగా అది తిరగవలసిన వేసవి రాత్రులలో గదిలో ఎయిర్ కూలర్ హోరుంటుంది కాబట్టి దాని శబ్దం ఎవరికీ వినబడదు. సీలింగ్ ఫ్యాన్ కూడా కట్టేసే చలికాలపు రాత్రులలో, నిశ్శబ్దం నిజంగా కావలసినప్పుడు, అది తిరగనే తిరగదు. కూలర్ తేమగాలి నేరుగా తగిలే చోట మాత్రం యంత్రాన్ని పెట్టవద్దు. మా మేనమామ దుకాణంలో పత్తి నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఫ్యాన్ అసలు బిగించలేదు. పాత కంప్యూటర్ ఫ్యాన్ రెక్కలకు ఆ నూగు చుట్టుకుని ఆగిపోవడం చూసిన తరువాతే ఆ నిర్ణయం తీసుకున్నాం.

ఇక త్వరగా తెరుచుకోవడం. లైనక్స్ వాడితే సిస్టమ్‌డీ-అనలైజ్ అనే కమాండ్ ఫర్మ్‌వేర్ (బోర్డులోని బయోస్), బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్), కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం), ఆపై వెనకాల నడిచే సర్వీసులు అన్న దశలలో దేనికి ఎంత సమయం పట్టిందో విడివిడిగా చూపుతుంది. మా ఇంటి యంత్రంలో మొదట దాదాపు సగం సమయం ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకాకముందే, ఫర్మ్‌వేర్‌లోనే గడిచిపోయేది. బయోస్‌లో ఫాస్ట్ బూట్ పెట్టి, నెట్‌వర్క్ బూట్ తీసివేసి, లోగో చూపే సమయాన్ని సున్నా చేస్తే అందులో చాలా భాగం ఆదా అయింది. డెబియన్ అనే లైనక్స్ రకంలో గ్రబ్ అనే బూట్‌లోడర్ మెనూ 5 సెకన్లు ఊరికే నిలబడుతుంది, దానిని ఒక సెకనుకు తగ్గించవచ్చు. అదే కమాండ్‌కు బ్లేమ్ అనే పదం చేర్చి నడిపితే ఎక్కువ సమయం తీసుకున్న సర్వీసులు ముందుగా వస్తాయి, నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగే సర్వీసు తరచుగా పై వరుసలోనే కనబడుతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు దాని అవసరం దాదాపు ఉండదు కాబట్టి ఆపేయండి. విండోస్ అయితే ఫాస్ట్ స్టార్టప్ ఉండనివ్వండి. షట్‌డౌన్ చేసినప్పుడు అది కెర్నెల్ స్థితిని డిస్క్‌లో దాచిపెట్టి మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఎక్కువ సమయం పట్టడానికి అదే కారణం. స్లీప్‌లో ఉంచితే ఇంకా త్వరగా లేస్తుంది గానీ, కరెంటు పోతే తెరిచిపెట్టుకున్న పని పోతుంది. అందుకే నేను పూర్తిగా ఆపి మొదలుపెట్టే సమయాన్నే తగ్గించుకున్నాను.

ఇలాంటి బోర్డులు మన దగ్గరి దుకాణాలలో అడిగితే తెప్పించి ఇస్తారు. చూసి కొనాలంటే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లడం మేలు. అక్కడ ఆఫీసులలో వాడి తీసేసిన మినీ పీసీలు కూడా చవకగా దొరుకుతాయి, వేగం బాగుంటుంది. కానీ వాటి సన్నని బ్లోయర్ ఫ్యాన్ పని పెరిగినప్పుడు ఈల వేస్తుంది, నిద్రపోయే గదికి నేను వాటిని సూచించను. మీరు చూస్తున్న బోర్డు మోడల్ ఏదో తెలిపితే, దాని బయోస్‌లో పైన చెప్పిన సెట్టింగులు ఏ పేర్లతో ఉంటాయో మాన్యువల్ చూసి చెబుతాను.