వీధి పేర్ల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

హైదరాబాద్ పాతబస్తీ పేర్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఫలానా నవాబు వల్ల ఫలానా పేటకు ఆ పేరొచ్చింది అని ఒక్కో పేరుకు ఒక్కో వాక్యం ఇచ్చి ముందుకు వెళ్లిపోయావు. చదివాక ఒక్కటీ మనసులో నిలవలేదు. పేర్లు తగ్గించు. ఉంచుకున్నవాటి దగ్గర ఆగు.

మూసారాంబాగ్‌నే తీసుకో. రేమండ్ ఫ్రెంచివాడు, రెండో నిజాం కొలువులో సేనాని. ఫిరంగులు పోత పోయించాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆ పని వల్లే వచ్చింది. 1798లో చనిపోతే మలక్‌పేట దగ్గర గుట్ట మీద సమాధి కట్టారు. హిందువులు ఆయన్ని మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఎక్కడినుంచో వచ్చిన సైనికుణ్ని ఈ ఊరి జనం ఎవరికి వాళ్లు తమవాణ్ని చేసుకున్నారు! ఇంత కథను 'రేమండ్ పేరు మీద వచ్చింది' అని సరిపెడితే నాకు నిజంగా బాధేసింది.

సుల్తాన్ బజార్ దగ్గర ఇంకో పొరపాటు ఉంది. బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం, దాని పక్కన పెరిగిన ఆ బజారును మొదట రెసిడెన్సీ బజార్ అనేవాళ్లు. 1933లో అది తిరిగి నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్ బజార్ అయింది. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో సుల్తాన్ బజార్‌లో పుట్టిందని రాశావు. అలా రాస్తే అసలు సంగతి కనబడకుండా పోతుంది. నిజాం ఆంక్షలు అంతగా సాగని రెసిడెన్సీ నీడన తెలుగు గ్రంథాలయం పెట్టుకోవడం మనవాళ్లకు కాస్త సులువైంది. కాబట్టి ఏ పేరు రాసినా, దానికి ముందు ఏమనేవాళ్లో, ఎప్పుడు మారిందో కనుక్కో.

కులీ కుతుబ్‌షా తన ప్రియురాలు భాగమతి పేరు మీద ఈ ఊరికి భాగ్‌నగర్ అని పేరు పెట్టాడన్న కథ తీసేయమని అనను. ఆ పేరు గురించి ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. మన కాలపు చరిత్రకారుల్లో షేర్వానీ ఆ కథను ఒప్పుకోలేదు, హైదరాబాద్ చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ సమర్థించాడు. నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు. ఇద్దరి వాదనా పాఠకుడి ముందు పెట్టు. 'అని చెప్పుకుంటారు' అన్న మాట వాడటానికి మొహమాటపడకు.

1908 మూసీ వరద తర్వాతి ఏళ్లలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో గీసిన నగరం మ్యాపులు చూడు. సందులు, బావులు, ఇళ్లు విడివిడిగా కనిపిస్తాయి. అవి పక్కన పెట్టుకుని పత్తర్‌గట్టి వెనక సందుల్లో తిరుగు. పాత దుకాణదారులు కనిపిస్తే తొందరపెట్టకుండా కూర్చుని, వాళ్ల నాన్నగారు ఆ గల్లీని ఏమనేవారో అడుగు. రికార్డర్ తర్వాత తీయొచ్చు, ముందే తీస్తే వాళ్లకు టెన్షన్.

ఇంకొకటి, ఉర్దూ చదవడం నేర్చుకో. పాత దస్తావేజులు, దుకాణాల బోర్డులు, కమాన్ల మీది రాతలు వేరేవాళ్లు చదివిపెడితే రాయడం ఎన్నాళ్లని? అక్షరాలకు కొన్ని వారాలు చాలు. మొదలుపెట్టగానే నాకు చెప్పు, నా దగ్గరున్న వాచకం పంపిస్తాను.

ఆశీస్సులతో,
అక్కయ్య