జీపు ఊరి బయటే ఆపు

పర్లాకిమిడి

చిట్టీ,

జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద పరిశోధన చేస్తావట కదా. మీ అమ్మ ఫోను చేసి, "నువ్వైనా మాన్పించు అన్నయ్యా" అని ఒకటే ఏడుపు. మాన్పించను. కానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. మీ అమ్మ భయం నీ గురించి, నా భయం వాళ్ల గురించి.

జైళ్ల శాఖ అనుమతికి ముందే దరఖాస్తు పెట్టుకో. ఒడియా మాట్లాడతావు సరే, చదవడం కూడా నేర్చుకో. సవర భాష మాట్లాడే పల్లెలకు దుబాసీ లేకుండా వెళ్లకు.

"మళ్లీ నేరం" అని దేన్ని లెక్క వేస్తావు? మళ్లీ అరెస్టునా, శిక్షనా, జైలునా? అమెరికాలో 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్లలో మూడేళ్లలోపు నూటికి 68 మంది మళ్లీ అరెస్టయ్యారు. అరెస్టయిన ప్రతివాడికీ శిక్ష పడదు కదా! మన దగ్గర ఇంకో చిక్కు. ఇది ఒడిశా, నాలుగడుగులు వేస్తే ఆంధ్రలోని పాతపట్నం. పోలీసులూ కోర్టూ రిజిస్టరూ అన్నీ వేరు. ఇక్కడ పేరు మళ్లీ కనబడలేదని బాగుపడ్డాడని రాసేయకు. పైగా 2022 చివర్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. తీర్పే రానివాణ్ణీ ఊరు జైలుకెళ్లొచ్చినవాడనే అంటుంది.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. నాలుగేళ్ల శిక్ష ముగించుకుని వెళ్లిన ఒకతను ఎలా ఉన్నాడో చూసి నివేదిక రాయాలి. గంజాం వైపు ఒక పల్లె. ఆఫీసు జీపు తీసుకెళ్లి సరిగ్గా రావిచెట్టు కింద దిగాను. టీకొట్టులో, చేతిలో ఫైలుతో, తండ్రి పేరుతో సహా చెప్పి అడిగాను.

"సూరత్ నుంచి వచ్చాడే, ఆయనేనా?" అన్నాడు కొట్టతను.

అక్కడే నోరు మూసుకోవలసింది. ఆ పల్లెల నుంచి చాలామంది సూరత్ మరమగ్గాల పనికి వెళతారు. ఇంటివాళ్లు నాలుగేళ్లూ ఆ మాటే చెప్పుకుని పరువు కాపాడుకున్నారు. నేనేమో ఫైలు తెరిచి, "సూరత్ ఏమిటయ్యా, బరంపురం జైలు" అన్నాను. పెద్ద తెలివైనవాణ్ణనుకున్నాను.

ఎదురుగా సైకిలు షాపులో ఒకతను నీళ్ల పళ్లెంలో ట్యూబు ముంచి, చిల్లు ఎక్కడుందో వెతుకుతున్నాడు. నా మాట విన్నాక ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. బుడగలు వస్తూనే ఉన్నాయి. తల ఎత్తలేదు. అతనే ఇతనని అప్పుడు తెలిసింది నాకు.

ఆరు నెలలకు మళ్లీ వెళ్లాను, ఈసారి బస్సులో. షాపులో వేరే మనిషి ఉన్నాడు. చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయిందట. అతను ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు. నివేదికలో "ఆచూకీ లేదు" అని రాశాను. ఎందుకు లేదో రాయలేదు.

అందుకే చెబుతున్నాను, బుద్ధిగా విను. కలుసుకునే చోటు వాళ్లనే చెప్పమను. నీ పుస్తకంలో పేర్లుండకూడదు, అంకెలే ఉండాలి. ఏ అంకె ఎవరిదో ఆ కాగితం వేరే ఊళ్లో, వేరే బీరువాలో పెట్టు. ఫోటోలు వద్దు. ఉగాది పచ్చడిని కూడా ఫోటో తీయకుండా తినని పిల్లవి నువ్వు. అక్కడ ఒక్కటి తీశావంటే నీతో మాట్లాడను.

ఇంకొకటి. జైలుకు పంపకుండా మంచి నడవడిక మీద ప్రొబేషనులో విడిచిపెట్టినవాళ్లకు ఆ నేరం వల్ల వచ్చే అనర్హత అంటదని 1958 చట్టం 12వ సెక్షనులో ఉంది. ఉద్యోగం దరఖాస్తులో నేరం గురించి అడిగే గడి దగ్గర పెన్ను ఆపేసినవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లకీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు చెప్పు. అలా చెబితే పరిశోధన పాడవుతుందని మీ మాస్టారంటే, నా దగ్గరికి పంపు.

ఆ ఊరి పేరు అడగకు, చెప్పను. బయలుదేరే ముందు ఇక్కడికి రా, అత్తయ్య నీకోసం ఆవకాయ విడిగా తీసి ఉంచింది. నా పాత సైకిలుకు కొత్త టైర్లు వేయించాను. జీపు అడగకు.

మీ మావయ్య