దారెస్సలాం వెళ్తున్న మేనకోడలికి

చి. సుధకి, మామయ్య దీవెనలు.

టాంజానియాలోని దారెస్సలాంలో ఆస్పత్రి ఫార్మసీ ఉద్యోగం ఖాయమైందనీ, అక్కడి భాష స్వాహిలీ కోసం ఇంగ్లీషు-స్వాహిలీ జాబితా ముందేసుకుని మాటలు బట్టీ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. బట్టీ పట్టు, తప్పులేదు. కానీ మధ్యలో ఆ ఇంగ్లీషు ఎందుకమ్మా? తెలుగులోంచి నేరుగా స్వాహిలీలోకి దిగు.

ఆ జాబితాలో 'రైస్' అని ఉన్నచోట మూడు మాటలు కనిపిస్తాయి. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాడు అక్కడ తల పట్టుకోవాల్సిందే. నీకేం? మ్పుంగా అంటే వడ్లు, మ్చెలె అంటే బియ్యం, వలి అంటే అన్నం. కరియాకో మార్కెట్‌కి వెళ్లి కిలో వలి ఇమ్మంటే నవ్వుతారు మరి! మన తోటకూర కూడా అక్కడ బాగా దొరుకుతుంది, మ్చిచా అని అడుగు.

చుట్టరికాలూ అంతే. అంకుల్, ఆంటీ అని రాసుకున్నవి కొట్టేసెయ్. నేను నీకు మ్జొంబా, అంటే మేనమామని. మేనత్త షంగాజి. మామా అంటే అమ్మ, మ్కుబ్వా అంటే పెద్ద, మ్దొగొ అంటే చిన్న. ఇంకేముంది, పెద్దమ్మ మామా మ్కుబ్వా, పిన్ని మామా మ్దొగొ. ఒక్కచోట మాత్రం హిందీ అలవాటు కొంప ముంచుతుంది. అక్కడ కాకా అంటే అన్న, దాదా అంటే అక్క. నర్సులు నిన్ను దాదా అంటే వెక్కిరింత అనుకునేవు.

పిగా అనే క్రియని గట్టిగా పట్టుకో. దాని అర్థం కొట్టడం. మనం ఫోను కొట్టినట్టే వాళ్లూ కొడతారు, పిగా సిము. ఫొటో తియ్యడం పిగా పిచా. ఓటు వెయ్యడం పిగా కురా, మనవాళ్లు ఓటు గుద్దినట్టే. పళ్లు తోముకోవడానికి కూడా అదే కొట్టుడు.

అరువు మాటలు ఎటూ చెవికి తెలిసినవే. మందుల షాపు దుకా లా దావా. దుకాణం, దవా నీకు నేను చెప్పాలా? బీమా అక్కడా బీమాయే, రంగు రంగి, తయారు తయారి, లక్ష లకి. మాట చివర అచ్చు లేకపోతే మనకీ తోచదు, వాళ్లకీ తోచదు. మనం బస్సు అన్నదాన్ని బసి అంటారు, బ్యాంకుని బెంకి అంటారు.

నువ్వు కష్టపడాల్సింది మాట మొదట్లో. మన మాట తోక మారుస్తుంది, వాళ్ల మాట తల మారుస్తుంది. మాత్ర కిదొంగె, మాత్రలు విదొంగె. రోగి మ్గొంజ్వా, రోగులు వగొంజ్వా. పక్కన అంకె చేరితే అదీ మారాలి. ఇద్దరు పిల్లలు వతొతొ వవిలి, రెండు మాత్రలు విదొంగె వివిలి. మనుషులకి ఇద్దరు, వస్తువులకి రెండు అనే నీకు ఇది మరీ వింతేం కాదులే, కాకపోతే వాళ్లకి అలాంటి గుంపులు చాలా ఉన్నాయి. రోజుకి నాలుగేసి మాటలు చాలు, కానీ ఏకవచనం, బహువచనం జంటగా నేర్చుకో. క్రియలకి కూడా తల తీసేసి చూడాలి. 'నితరుది' అని ఎవరైనా అంటే ని అంటే నేను, త అంటే జరగబోయేది, రుది అంటే తిరిగి రావడం. మళ్లీ వస్తానంటున్నారన్నమాట. నిఘంటువులో 'ని' దగ్గర వెతక్కు, 'రుది' దగ్గర వెతుకు.

కౌంటర్ దగ్గరికి పెద్దవాళ్లు వస్తే ముందు 'షికమో' అను. కాళ్లు పట్టుకుంటున్నాను అన్న అర్థంలోంచి వచ్చిందంటారు. వాళ్లు 'మరహబా' అన్నాకే చీటీ అందుకో. జాంబో అనేది టూరిస్టుల మాట, నీకొద్దు. ఎవరి ఒంట్లో బాలేకపోయినా 'పోలె' అనాలి. మన 'అయ్యో పాపం' లాంటిదే, కానీ మొహం మీదే అంటారు, అనకపోతేనే తప్పు. అదే రెండుసార్లు కలిపి పోలెపోలె అంటే మెల్లగా అని, జాగ్రత్త.

అన్నిటికంటే నీ పనికి ముఖ్యం గంటల లెక్క. వాళ్ల లెక్క పొద్దు పొడుపు నుంచి మొదలవుతుంది. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా ఇంచుమించు ఆరు, ఆరున్నర ప్రాంతంలోనే తెల్లారుతుంది. అందుకని పొద్దున ఏడు వాళ్లకి సా మోజా, అంటే ఒకటో గంట. మధ్యాహ్నం రెండింటికి మాత్ర వేసుకోమని చెప్పబోయి 'సా మ్బిలి' అన్నావనుకో, ఆయన ఎనిమిదింటికి వేసుకుంటాడు. నువ్వు అనాల్సింది 'సా ననె'. గడియారంలో చిన్న ముల్లుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూసి చెప్పు, ఎప్పుడూ తప్పదు. చీటీల మీద 'కుత్వా మరా తతు' అని ఉంటే రోజుకి మూడుసార్లు. అది చెప్పి వదిలెయ్యకు. అసుబుహి, మ్చనా, ఉసికు అని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి విడివిడిగా చెప్పి, వాళ్ల నోటితో ఒకసారి తిరిగి చెప్పించుకో.

ఇట్లు
మీ మామయ్య