గ్లియోబ్లాస్టోమాకు డిజేబిలిటీ త్వరగా అప్రూవ్ అవుతుంది, మరి డబ్బు ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మావారికి 46 ఏళ్లు. 12 ఏళ్లుగా ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మార్చి 10న ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఆపరేషన్ తర్వాత గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అని చెప్పారు. ఆ రోజు నుంచి పనికి వెళ్లలేదు, పెయిడ్ లీవ్ నడుస్తోంది. ఇలాంటి జబ్బులకు గవర్నమెంట్ వెంటనే డిజేబిలిటీ డబ్బు ఇస్తుందట, నిజమేనా? లీవ్ అయిపోయాక అప్లై చేస్తే సరిపోతుందా? మాకు గ్రీన్ కార్డే ఉంది, సిటిజన్‌షిప్ లేదు. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు.

జవాబు: అమ్మా, లీవ్ అయ్యేదాకా ఆగకండి. ఈ వారమే అప్లై చేయండి. పని చేయకుండా వచ్చే లీవ్ జీతం దీనికి అడ్డు కాదు.

మీరు విన్నది నిజమే. డిజేబిలిటీ డబ్బు ఇచ్చే ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ వాళ్లు 2008లో కంపాషనేట్ అలవెన్సెస్ అనే పద్ధతి మొదలుపెట్టారు. తీవ్రమైన కొన్ని జబ్బుల జాబితా అది. గ్లియోబ్లాస్టోమా అందులో ఉంది. మామూలుగా నెలల తరబడి పట్టే నిర్ణయం ఇలాంటి కేసుల్లో చాలాసార్లు వారాల్లోనే వస్తుంది. దీనికి వేరే ఫారం లేదు, ఫీజూ లేదు. మామూలు డిజేబిలిటీ అప్లికేషనే పెట్టాలి. అందులో రాసిన జబ్బు పేరును బట్టి వాళ్ల కంప్యూటరే కేసును పక్కకు తీస్తుంది. అందుకే 'బ్రెయిన్ ట్యూమర్' అని రాసి వదిలేయకండి. 'గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4' అని స్పెల్లింగ్ సరిచూసుకుని రాయండి. పెథాలజీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, ఎమ్మారై రిపోర్టు జత చేయండి. వీటిలో కీలకం పెథాలజీ రిపోర్టే, అంటే తీసిన ట్యూమర్ ముక్కను పరీక్షించి ఇచ్చే రిపోర్టు. అది లేక ఆగిపోయే కేసులు చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

గ్రీన్ కార్డ్ గురించి టెన్షన్ వద్దు. ఎస్‌ఎస్‌డీఐ అనే ఈ డబ్బు ఆయన జీతంలోంచి కట్టిన సోషల్ సెక్యూరిటీ టాక్స్ మీద వస్తుంది. ఆ టాక్స్ కట్టి పని చేసినందుకు వచ్చే క్రెడిట్లు ఏడాదికి గరిష్ఠంగా 4, ఆ లెక్కన 12 ఏళ్ల ఉద్యోగం ఆయన వయసుకు సరిపోతుంది. ఎస్‌ఎస్‌ఐ అనేది వేరు. అది ఆదాయం, పొదుపు బాగా తక్కువ ఉన్నవాళ్లకు.

ఇక చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నిర్ణయం త్వరగా వచ్చినంత మాత్రాన డబ్బు వెంటనే రాదు. జబ్బు వల్ల పని ఆగిన తేదీ నుంచి 5 పూర్తి నెలలు గడవాలి. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ గడువు తీసేశారు, గ్లియోబ్లాస్టోమాకు ఇంకా ఉంది. మీ లెక్కలో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆ 5 నెలలు. సెప్టెంబర్ నుంచి హక్కు మొదలవుతుంది, ఆ నెల డబ్బు అక్టోబర్‌లో వస్తుంది. కాబట్టి మార్చి 10 అన్న తేదీ అప్లికేషన్‌లోనూ డాక్టర్ నోట్స్‌లోనూ ఒకేలా ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు కూడా ఆయన రికార్డు మీద కొంత వస్తుంది. వాళ్ల పేర్లు కూడా చెప్పండి.

నాకు డబ్బు కంటే ఎక్కువ దిగులు ఇన్సూరెన్స్ గురించే. మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్ రావాలంటే ఆ సెప్టెంబర్ నుంచి ఇంకో 24 నెలలు ఆగాలి. రేడియేషన్, కీమో, స్కాన్లు మాత్రం ఆగవు. ఉద్యోగం పోతే కోబ్రా అనే చట్టం కింద అదే ఇన్సూరెన్స్‌ను 18 నెలలు కొనసాగించుకోవచ్చు. డిజేబిలిటీ అప్రూవ్ అయిన వాళ్లకు దాన్ని 29 నెలల దాకా పొడిగించుకునే వీలుంది. దానికి అప్రూవల్ లెటర్ కాపీని 60 రోజుల్లోపు, ఎలాగైనా ఆ 18 నెలలు పూర్తవకముందే ప్లాన్ వాళ్లకు అందజేయాలి. పొడిగించిన నెలల్లో ప్రీమియం ఎక్కువే ఉంటుంది. అయినా వదులుకోవద్దు. మీకు మీ కంపెనీ నుంచి ఇన్సూరెన్స్ ఉంటే ఆయన్ను అందులో చేర్చడం ఇంకా మేలు.

ఇంకొక్క మాట, డాక్టర్‌గా చెబుతున్నాను. ఈ జబ్బులో మాట, జ్ఞాపకం, నిర్ణయం తీసుకునే శక్తి తగ్గే అవకాశం ఉంది. అప్లికేషన్ మీద, మెడికల్ రికార్డులు తెప్పించుకునే అనుమతి ఫారం మీద, ఆయన తరఫున మీరు నిర్ణయాలు తీసుకునే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆయన స్పష్టంగా మాట్లాడుతున్న ఈ రోజుల్లోనే సంతకాలు చేయించండి. ఫారాలన్నీ మీరొక్కరే నింపక్కర్లేదు. రేడియేషన్‌కు వెళ్లినప్పుడు హాస్పిటల్ సోషల్ వర్కర్‌ను కలవాలని అడగండి. పెథాలజీ రిపోర్టు కాపీ కూడా అప్పుడే తీసుకోండి.